మిద్దె మీద పాలీహౌస్, టమాటా పూత: జనవరి నుంచి జూన్ దాకా

జనవరి 6

మా ఇల్లు వనస్థలిపురంలో. పోయిన ఆగస్టులో మిద్దె మీద చిన్న పాలీహౌస్ వేయించాను. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, నడిమధ్యన 9 అడుగుల ఎత్తు. జీఐ పైపుల ఫ్రేము, పైన 200 మైక్రాన్ల పాలిథీన్ షీటు, చుట్టూ పురుగు దూరని వల, వల మీద పైకి చుట్టుకునే కర్టెన్లు. లోపల 24 గ్రో బ్యాగులు పడతాయి. వానాకాలంలో పాలకూర, కొత్తిమీర ఇంటికి సరిపోగా పక్కింటికి కూడా ఇచ్చాం. టమాటా దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. చెట్టు ఏపుగా పెరుగుతుంది, పూత బాగా వస్తుంది, పిందె మాత్రం నిలవడం లేదు.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. పుప్పొడిని మొలకెత్తించే ప్రాక్టికల్ ఏటా పిల్లలచేత చేయిస్తాను. అందుకే ఈ సీజన్ మొత్తం పూత లెక్క, పిందె లెక్క, లోపలి వేడి లెక్క రాసి పెట్టాలనుకున్నాను. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రత రెండూ చూపించే థర్మామీటర్ ఒకటి కొని, గుత్తులు వచ్చే ఎత్తులో, ఎండ తగలకుండా చిన్న అట్టపెట్టె గొడుగు కింద వేలాడదీశాను. ఎండలో పెట్టిన థర్మామీటర్ గాలి వేడి చెప్పదు, తన వేడి చెబుతుంది.

ఈరోజు అక్టోబరులో నాటిన చెట్ల నుంచి 5 కాయలు కోశాను. మూడు కాయలకు కింది భాగం ముడుచుకుపోయి, గీతలు పడి, కుట్లు వేసి మానిన గాయంలా ఉంది. "ఇదేంటమ్మా, కాయకు దిష్టి తగిలినట్టుంది" అన్నారు అత్తయ్య. తగిలింది చలి. డిసెంబరు చివర్లో ఓ పది రోజులు కర్టెన్లు దించకుండా వదిలేశాను. ఆ రాత్రుల్లో 11 డిగ్రీల దాకా పడిపోయింది. పువ్వు మొగ్గలో రూపు కట్టుకుంటున్న రోజుల్లో, అంటే విచ్చడానికి రెండు మూడు వారాల ముందు, చలి తగిలితే అండాశయం సరిగ్గా ఏర్పడదు. ఆ వంకర కాయతో పాటే పెరుగుతుంది. కాకపోతే డిసెంబరు చివరి చలికి జనవరి మొదట్లో కోసిన కాయ వంకర కావడానికి వీల్లేదు. పిందె పండు కావడానికే సుమారు నెలన్నర పడుతుంది. డైరీలు వెనక్కి తిప్పి చూస్తే నవంబరు రెండో వారంలోనూ వరసగా చలి రాత్రులు ఉన్నాయి. ఈ కాయలు ఆ చలివి. డిసెంబరు చలి దెబ్బ ఫిబ్రవరిలో కనబడుతుందన్నమాట.

జనవరి 15

పండగ హడావుడిలో రెండు రోజులు రాయలేదు. ఇప్పుడు సాయంత్రం ఐదున్నరకే కర్టెన్లు దించుతున్నాను. బయట 12 ఉన్న తెల్లవారుజామున లోపల 15 ఉంటోంది. హీటరు లేదు, బల్బు లేదు. పగలంతా ఎండ తాగిన స్లాబే రాత్రి మెల్లగా సెగ వదులుతోంది. టమాటా పుప్పొడికి రాత్రి 13 కన్నా తగ్గితే ఇబ్బంది మొదలవుతుంది, 10కి వస్తే మొలకెత్తడమే కష్టం. హైదరాబాద్‌లో చలి ఆ గీత చుట్టూనే తిరుగుతుంది. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. అలాంటి రాత్రులు ఎప్పుడో గాని రావు. మామూలు జనవరికి ఒక కర్టెన్, ఒక స్లాబు చాలు.

జనవరి 27

పాత చెట్లు తీసేసి కొత్త నారు పెట్టాను. 14 బ్యాగుల్లో అర్క రక్షక్, 10 బ్యాగుల్లో చెర్రీ టమాటా. అర్క రక్షక్ బెంగళూరు హెసరఘట్టలోని ఐఐహెచ్ఆర్ (భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ల హైబ్రిడ్. ఆకుముడత, బాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపాను.

ఫిబ్రవరి 24

మొదటి గుత్తులు విచ్చాయి. పగలు లోపల 31, రాత్రి 17. పగలు కాస్త ఎక్కువే అయినా, ఇక్కడి టమాటాకు ఇంతకన్నా మంచి రోజులుండవు. పగలు 21 నుంచి 29, రాత్రి 15 నుంచి 20 మధ్య ఉంటే పిందె బాగా కడుతుందని చదివాం, చెప్పాం. కళ్లతో చూడటం వేరు.

టమాటా పువ్వు తన పుప్పొడి తానే వాడుకుంటుంది. పసుపు పచ్చని పరాగకోశాలు, అంటే పుప్పొడి సంచులు, ఐదారు ఒకదానికొకటి అతుక్కుని గొట్టంలా ఉంటాయి. అండాశయం మీద నిలిచే సన్నటి కాడ, అంటే కీలం, ఆ గొట్టం లోపల ఉంటుంది. పుప్పొడి బయటికి కాకుండా గొట్టం లోపలికే రాలుతుంది. రాలాలంటే ఒక కుదుపు కావాలి. పొలంలో గాలి ఆ పని చేస్తుంది, తుమ్మెదలు చేస్తాయి. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో జుయ్యిమని అదిలిస్తుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. విదేశాల్లో గ్రీన్‌హౌసుల్లోకి బంబుల్ బీ పెట్టెలు తెచ్చి పెట్టేది ఇందుకే. నా పాలీహౌస్‌లో వల ఉంది, గాలి తక్కువ, తుమ్మెద రాదు.

అందుకని మా అబ్బాయి పాత బ్యాటరీ టూత్‌బ్రష్ తీసుకున్నాను. పొద్దున పదిన్నరకు, మంచు తడి ఆరాక, గుత్తి కాడకు వెనకవైపు బ్రష్ వీపు ఆనించి రెండు సెకన్లు. పువ్వు కింద నల్ల చార్టు ముక్క పట్టుకున్నాను. ముందు ఏమీ పడలేదు. రెండోసారి ఆనించగానే గొట్టం చివర నుంచి లేత పసుపు పొడి సన్నటి పొగలా దిగింది, బియ్యప్పిండి జల్లెడ పట్టినట్టు. తర్వాత లెక్కపెడితే ఆ గుత్తిలో 7 పువ్వులకు 6 పిందె కట్టాయి.

మార్చి 13

పగలు లోపల 36 తాకింది. పిందె ఇంకా నిలుస్తోంది. రాత్రి 20, 21 దగ్గరే ఉంది. పగటి వేడికే భయపడి షేడ్‌నెట్ కొనడానికి పరుగెత్తాను, తీరా చూస్తే ఇప్పుడు అంత తొందర లేదు. 35 శాతం నీడనిచ్చే తెల్ల నెట్ తెచ్చి పెట్టుకున్నాను.

మార్చి 29

రాలడం మొదలైంది.

పువ్వు కాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది, మోకాలిలా కొంచెం వంగి. ముందు ఆ కణుపు దగ్గర పసుపు రంగు తిరుగుతుంది. మర్నాటికి పువ్వు వాడకుండానే, రేకులు తాజాగా ఉండగానే అక్కడ తెగి పడిపోతుంది. గ్రో బ్యాగుల మధ్య పసుపు పువ్వులు చల్లినట్టు ఉన్నాయి. ఊడుస్తుంటే మనసు చివుక్కుమంది.

వాచ్‌మన్ అన్న పైకి ట్యాంకు చూడటానికి వచ్చి చూశాడు. వాళ్లది పాలమూరు వైపు. "మేడం, ఎండలు ముదిరితే మా ఊర్ల గూడ టమాటకు పూత నిలువది. పొద్దటి ఎండ ఒక్కటే కాదు, రాత్రి గూడ సెగ తగ్గకపోతే అయిపోయినట్టే" అన్నాడు. నేను నీళ్ల మీదే అనుమానంతో ఉన్నాను. డ్రిప్ సమయం పెంచాను. రెండు రోజుల్లో ఆకులు ఇంకా నల్లపచ్చగా అయ్యాయి, పూత మాత్రం అలాగే రాలింది.

ఎరువుల షాపులో ప్లానోఫిక్స్ కొట్టమన్నారు. 4.5 లీటర్ల నీళ్లకు 1 మిల్లీలీటరు. పూత రాలకుండా రైతులు మామూలుగా వాడేదే. అందులోది ఆక్సిన్ జాతి హార్మోన్, కణుపు దగ్గర తెగే పొరను ఆపుతుంది. ఇలాంటి హార్మోన్లతో ఫలదీకరణ జరగకపోయినా కాయ ఊరే అవకాశం ఉంది, కానీ గింజ లేక లోపల బోలుగా మిగులుతుంది. అమ్ముకునే రైతుకు అది దిక్కు. నాకు కారణం తెలియాలి. ఇప్పుడే కొడితే రాలేది ఎందుకో ఎప్పటికీ తెలియదు. కొట్టలేదు.

ఏప్రిల్ 3

కాలేజీ ల్యాబుకు పువ్వులు తీసుకెళ్లాను. తడి దూది పరిచిన టిఫిన్ డబ్బాలో, పొద్దున ఏడింటికి విచ్చినవి. ఫిబ్రవరిలో దాచిపెట్టిన స్లైడ్లు పక్కన పెట్టుకున్నాను. అసిటోకార్మిన్ చుక్క వేస్తే జీవమున్న పుప్పొడి రేణువు ఎర్రగా, నిండుగా కనిపిస్తుంది. చచ్చినది రంగు పట్టకుండా ముడుచుకుని ఉంటుంది.

ఫిబ్రవరి స్లైడు దానిమ్మ గింజలు చల్లిన పళ్లెంలా ఉంది. ఈరోజు స్లైడులో సగానికి పైగా ఖాళీ పొట్టు. మిగిలినవి కూడా ఎరుపు అనలేం, పాలిపోయిన గులాబీ. పది శాతం చక్కెర నీళ్లలో కొంచెం బోరిక్ ఆమ్లం వేసి మొలకకు పెట్టాను. రెండు గంటల తర్వాత కూడా వెతికి వెతికి చూస్తే గాని ఒక్క నాళం కనబడలేదు.

బయట నుంచి చూస్తే పువ్వుకు ఏ లోపమూ లేదు. రేకులు నిండుగా ఉన్నాయి, గొట్టం మంచి పసుపు. కొన్ని పువ్వుల్లో మాత్రం కీలం గొట్టం దాటి ఒక మిల్లీమీటరు బయటికి పొడుచుకొచ్చింది. ఎక్కువ వేడికి అలా సాగుతుంది. కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన, బయట పడ్డాక గొట్టం లోపల రాలిన పుప్పొడి దాన్ని చేరదు. టూత్‌బ్రష్ ఎంత ఆనించినా లాభం లేదు.

ఏప్రిల్ 9

ఈరోజు జరిగింది రాయాలంటేనే బాధగా ఉంది. నేను స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీలో ఉన్నాను. మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు వచ్చేసరికి మూడు దాటింది. ఎగ్జాస్ట్ ఫ్యాను ఆగింది, నీళ్ల తుంపర చిమ్మే ఫాగర్ల మోటారు ఆగింది. వడగాలి రాకుండా పడమటి కర్టెన్ దించి ఉంచాను, అది అలాగే ఉంది. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, మూడంతస్తులు ఎక్కలేరు. సాయంత్రం వచ్చి చూస్తే గరిష్ఠం 47.

చెట్లు వడలి తలలు వాల్చాయి. రాత్రికి మళ్లీ నిలబడ్డాయి. ఆకులు కాలలేదు. అత్తయ్య "బతికాయిలే" అన్నారు.

చీకటి పడ్డాక టార్చి పెట్టుకుని దారాలు కట్టాను. అల్లిక పెట్టెలోని ఊలు దారం చిన్న ముక్కలు. ఈరోజు విచ్చి ఉన్న పువ్వులు 22, వాటికి ఎరుపు. నువ్వుగింజ కన్నా పెద్దవి, బియ్యపు గింజ కన్నా చిన్నవి అయిన మొగ్గలు 26, వాటికి పసుపు. ఇంకా నువ్వుగింజంత కూడా లేనివి 20, వాటికి తెలుపు. సన్నటి కాడకు దారం ముడి బిగించకుండా కట్టడానికి రెండు గంటలు పట్టింది.

పసుపు దారం మొగ్గల మీదే నా దృష్టంతా. పుప్పొడి తల్లి కణాలు క్షయకరణ విభజన (పుప్పొడి రేణువులను పుట్టించే విభజన) చెందేది సుమారుగా ఆ సైజులోనే, అంటే పువ్వు విచ్చడానికి ఎనిమిది తొమ్మిది రోజుల ముందు. మొత్తం పువ్వు జీవితంలో వేడికి అన్నిటికన్నా సున్నితమైన ఘడియ అది.

ఏప్రిల్ 13

ఎరుపు దారం పువ్వుల్లో 9 పిందె కట్టాయి. ఎండ దెబ్బ తగిలిన రోజు విచ్చి ఉన్నవే ఇంత మెరుగ్గా ఉన్నాయి. ఆ పొద్దున పదింటికే వాటికి బ్రష్ పెట్టాను. ఆ రెండున్నర గంటల వేడి వచ్చేలోపు పుప్పొడి కీలాగ్రం చేరి ఉంటుంది.

కిందింటి పిన్నిగారు వచ్చి "పూతేం రాలలేదుగా, ఎండ మంచిదే చేసింది" అన్నారు. ఆమె అన్నది తప్పని చెప్పడానికి నాకు ఇంకా రుజువు లేదు.

ఏప్రిల్ 20

రుజువు వచ్చింది. పసుపు దారం మొగ్గలు 17వ తేదీ నుంచి విచ్చాయి. ముచ్చటగా, ఒక్కటీ వడలకుండా విచ్చాయి. రోజూ బ్రష్ పెట్టాను. 18 సాయంత్రం కణుపులు పసుపు తిరగడం మొదలైంది. ఈరోజుకి 26లో 2 మిగిలాయి. 17 నుంచి ఈరోజు దాకా పగటి వేడి లోపల 38 దాటలేదు, కరెంటు పోలేదు. ఈ నాలుగు రోజుల్లో ఎవరైనా వచ్చి చూస్తే "నిన్న ఏదో తప్పు చేశావు" అనే అంటారు. నేనూ మార్చి 29న అదే అనుకుని డ్రిప్ పెంచాను. అప్పుడు రాలిన పూతకు దెబ్బ తగిలింది మార్చి 20 ప్రాంతంలో. డైరీ తిప్పి చూశాను. మార్చి 19, 20, 21 రాత్రులు కనిష్ఠం 24 దాటింది. అంతకు ముందు వారం 20.

వాచ్‌మన్ అన్న రాత్రి సెగ అన్నాడు. ఆరోజే వినాల్సింది. కింద కలిసినప్పుడు చెప్పాను. "గదే కదా మేడం" అన్నాడు.

ఏప్రిల్ 22

రాత్రి తొమ్మిదిన్నర. ఫిజిక్స్ ల్యాబు నుంచి తెచ్చిన, తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ పట్టుకుని పైన ఉన్నాను. పాలీహౌస్ లోపల స్లాబు 39. బయట ఖాళీ స్లాబు 35. గుత్తుల ఎత్తులో గాలి 31.5, బయట గాలి 28. చెయ్యి స్లాబుకు ఆనిస్తే వేడి నీళ్ల గిన్నె పక్కన పెట్టినట్టుంది. చెప్పులు లేకుండా నిలబడితే అరికాళ్లకు సెగ తెలుస్తోంది. సూర్యుడు దిగి మూడు గంటలైంది.

జనవరిలో నా పువ్వుల్ని చలి నుంచి కాపాడిన స్లాబు ఇదే. ఇప్పుడు రాత్రంతా వాటిని కింద నుంచి ఉడికిస్తోంది.

రాత్రి వేడి ఎందుకంత చెడ్డదో పిల్లలకు చెప్పేటప్పుడు ఇలా చెబుతాను. చెట్టు పగలు చక్కెర సంపాదిస్తుంది, రాత్రి ఖర్చు పెడుతుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే శ్వాసక్రియ అంత ఎక్కువ, ఖర్చు అంత ఎక్కువ. మొగ్గలో ఎదుగుతున్న పుప్పొడి ఆ చక్కెరను పిండిగా మార్చి దాచుకోవాలి, మొలకెత్తేటప్పుడు అదే దాని సద్ది మూట. ఇంట్లో ఖర్చులు పెరిగినప్పుడు ముందు కోత పడేది పొదుపుకే. ఏప్రిల్ 3న స్లైడులో కనిపించిన పాలిపోయిన రేణువులు సద్ది లేకుండా బయల్దేరినవి.

తెల్లవారుజామున 5కి మళ్లీ చూశాను. లోపల 26.5, బయట 24.5. ఆ రెండు డిగ్రీల కన్నా నాకు బాధ కలిగించింది గంటలు. చీకటి పడినప్పటి నుంచి తెల్లారేదాకా ఒక్క గంట కూడా పువ్వుకు చల్లదనం లేదు.

ఏప్రిల్ 23 నుంచి 27

ఐదు రోజులు పని. స్లాబును కడిగి, పాలీహౌస్ కింద, చుట్టూ ఆరడుగుల మేర తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు వేయించాను. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చినప్పటి నుంచి ఈ పెయింటు మన షాపుల్లో సులభంగానే దొరుకుతోంది. మేస్త్రి "పైన షీటుంది కదమ్మా, కింద తెలుపెందుకు" అన్నాడు. షీటులోంచి ఎండ లోపలికి వస్తుంది, స్లాబు తాగుతుంది. తెలుపు చాలావరకు వెనక్కి కొడుతుంది. ఆ వెలుతురు కింది ఆకులకు కూడా అందుతుంది.

గ్రో బ్యాగులన్నీ అడుగున్నర ఎత్తు ఇనుప స్టాండ్ల మీదికి ఎక్కించాను. ఒక్కొక్కటి తడిమట్టితో పాతిక కిలోలు. మా ఆయన, మా అబ్బాయి, వాచ్‌మన్ అన్న కలిసి ఎత్తారు. బ్యాగు స్లాబు మీద కూర్చుంటే వేర్లు కూడా రాత్రంతా వేడెక్కుతాయి. ఇప్పుడు కింద నుంచి గాలి పోతుంది.

శిఖరం వెంట షీటును 15 అంగుళాల వెడల్పున కోసి, వల కుట్టించి, మూత పెట్టించాను. వేడి గాలి పైకే పోతుంది, పైన దారి లేకపోతే అక్కడే పోగుపడి కిందికి దిగుతుంది. 9 అడుగుల ఎత్తున్న చిన్న పాలీహౌస్‌లో గాలి తక్కువ, అందుకే నిమిషాల్లో వేడెక్కుతుంది. పెద్ద పాలీహౌసులు అంతెత్తున కట్టడానికి ఇదొక కారణం. ఈ కోత మొదటిరోజే పెట్టించాల్సింది.

35 శాతం నెట్‌ను షీటు మీద పరచలేదు. షీటుకు అడుగు పైన తాళ్లతో కట్టాను, మధ్యలో గాలి ఆడేలా. పొద్దున 11 నుంచి 4 దాకా మాత్రమే లాగుతాను. రోజంతా నీడ ఉంచితే చక్కెర సంపాదనే పడిపోతుంది, అప్పుడు నీడ వల్ల పూత రాలుతుంది.

సాయంత్రం ఐదింటికి పాలీహౌస్ చుట్టూ గోనె సంచులు పరిచి తడుపుతున్నాను. ఏప్రిల్‌లో మా కాలనీకి ట్యాంకర్లు వస్తున్నాయి, మంచినీళ్లు స్లాబు మీద పోయడానికి మనసొప్పలేదు. ఆర్‌ఓ మిషను వదిలే నీళ్లు డ్రమ్ములో పడుతున్నాను. ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ, మొక్కకు పోయకూడదు. సంచులు తడపడానికి బంగారం.

సూర్యుడు దిగగానే నాలుగు పక్కల కర్టెన్లూ పైకి.

ఏప్రిల్ 30

రాత్రి తొమ్మిదిన్నర: స్లాబు 32, గాలి 28.5. తెల్లవారుజామున 25. బయట కన్నా అర డిగ్రీ ఎక్కువ, అంతే. హైదరాబాద్ ఏప్రిల్ రాత్రిని 20కి దించడం ఏసీ లేకుండా ఎవరివల్లా కాదు. బయట ఎంతుందో లోపలా అంతే ఉండేలా చేయగలిగాను.

మే 12

ఈ 12 రోజుల్లో విచ్చినవి చెర్రీ 60, పిందె కట్టినవి 31. అర్క రక్షక్ 48, పిందె 7. చెర్రీకి ఏప్రిల్ మధ్యలో పదికి రెండు కూడా నిలవలేదు. చిన్న కాయ రకాలు సాధారణంగా వేడిని ఎక్కువ తట్టుకుంటాయి. ఈసారి నా కళ్లముందే ఒకే గాలిలో పక్కపక్కనే ఆ తేడా కనిపించింది.

గాలిలో తేమ కూడా చూస్తున్నాను. మధ్యాహ్నం బయట పాతిక శాతానికి పడిపోతోంది. అంత పొడిలో కీలాగ్రం ఎండి, పడిన పుప్పొడి అంటుకోదు. 60, 70 మధ్య ఉంటే మంచిది. ఫాగర్లు పది నిమిషాలకోసారి ముప్పై సెకన్లు వేస్తే 55 దాకా వస్తోంది. బ్రష్ సమయం పదిన్నర నుంచి ఎనిమిదిన్నరకు మార్చాను, ఎండ ముదరకముందే.

పండుతున్న కాయలు ఎర్రబడటం లేదు. నారింజ పసుపులో ఆగిపోతున్నాయి. 30 దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ తయారీ మందగిస్తుంది. అప్పుడే రంగు తిరగడం మొదలైన కాయలను కోసి ఇంట్లో చల్లటి మూలన పెడితే మూడో రోజుకి మంచి ఎరుపు వస్తోంది. అత్తయ్య పప్పులోకి అవే తీసుకుంటున్నారు.

మే 14

అర్క రక్షక్ విషయంలో ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇప్పుడు వస్తున్న గుత్తులన్నీ మొగ్గలోనే తుంచేస్తున్నాను. ఎటూ రాలే పూత కోసం చెట్టు ఎందుకు అలసిపోవాలి? మే అంతా చెట్టును బతికించుకుంటే చాలు. ఆ చెట్ల వైపు నెట్ తీసి 50 శాతంది వేశాను, అటు పూత లేదు కాబట్టి నీడ కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు.

లెక్క ఇది. తెలంగాణకు నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ రెండో వారానికి వస్తాయి. వాన పడ్డాక విచ్చే పువ్వు బాగుంటుందని అనుకుంటే పొరపాటు. మొగ్గ బియ్యపు గింజ కన్నా చిన్నగా ఉన్న రోజుల్లో చల్లబడితేనే బాగుంటుంది. వాన జూన్ 10కి వస్తే, 19, 20 తేదీల్లో విచ్చే పూత మీద ఆశ పెట్టుకోవాలి. అందుకే మే 31 వరకు తుంచడం, తర్వాత వచ్చే గుత్తుల్ని వదిలేయడం.

తుంచుతుంటే చేతులు వెనకాడాయి. 14 చెట్లు, రోజూ పది పన్నెండు గుత్తులు. మా అబ్బాయి "అమ్మా, ఫిబ్రవరిలో ఒక్క పువ్వు రాలితే అంత బాధపడ్డావు" అన్నాడు. నిజమే.

జూన్ 2

ఉక్కపోత. 1966లో ఇదే తేదీన హైదరాబాద్‌లో 45.5 డిగ్రీలు నమోదైంది, ఇప్పటికీ అదే రికార్డు. ఫాగర్ నాజిల్ రెండు మూసుకుపోయాయి, వెనిగర్ నీళ్లలో నానబెట్టి శుభ్రం చేశాను. తుంచడం ఆపేశాను. కొత్త గుత్తులు చిన్నగా కనిపిస్తున్నాయి.

జూన్ 15

నాలుగు రోజులుగా వానలు. రాత్రి 22, పగలు 31. చెట్లు కొత్త ఆకు వేశాయి, చూస్తే ప్రాణం లేచొచ్చింది.

అయితే ఇంకో చిక్కు. ఈరోజు పొద్దున ఎనిమిదిన్నరకు బ్రష్ పెడితే నల్ల చార్టు మీద ఏమీ పడలేదు. గొట్టం చీల్చి చూస్తే పుప్పొడి ఉంది, ముద్దగా, తడిసిన పసుపులా. తేమ 90 శాతం. 80 దాటితే రేణువులు ఒకదానికొకటి అంటుకుని రాలవు. మేలో ఎండ నుంచి తప్పించుకోవడానికి ముందుకు జరిపిన సమయాన్ని ఇప్పుడు వెనక్కి జరపాలి. ఫాగర్లు పూర్తిగా ఆపేసి, ఫ్యాను వేసి, పదకొండున్నర దాకా ఆగాను. మబ్బు కాస్త విచ్చాక మళ్లీ బ్రష్ పెడితే పొడి దిగింది. ఫిబ్రవరిలోలా పొగలా కాదు, చిన్న చిన్న తునకలుగా.

జూన్ 22

19వ తేదీ నుంచి అర్క రక్షక్ విచ్చుతోంది. వేసవి సెలవులు అయిపోయాయి, ల్యాబు తెరిచారు. పువ్వులు తీసుకెళ్లాను. ఫస్టియర్ పిల్లలు నలుగురు చుట్టూ నిలబడ్డారు. ముందు ఏప్రిల్ 3 స్లైడు చూపించాను. తర్వాత ఈరోజుది. ఒక అమ్మాయి "మేడం, ఇవి రెండూ ఒకే చెట్టువా?" అని అడిగింది. ఒకే చెట్టువి, 6వ నంబరు బ్యాగు. ఈరోజు స్లైడులో నిండుగా ఎర్రటి రేణువులు. ఖాళీ పొట్టు అక్కడక్కడా ఉంది.

చక్కెర నీళ్ల చుక్కలో గంటకే నాళాలు సాగాయి. ఆ అమ్మాయి కళ్లు ఐపీస్ నుంచి తీయలేదు.

ఈ రోజుల్లో రైతుబజార్‌లో టమాటా ధర పైకి పోతుంది. 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటడం అందరికీ గుర్తే. దానికి చాలా కారణాలుంటాయి. నెలన్నర, రెండు నెలల ముందు పొలాల్లో నిలవని పూత అందులో ఒకటి. ఇవాళ బజార్‌లో కిలో తూయించుకుంటుంటే, ఆ కాయల పూతకు ఏప్రిల్ చివరి రాత్రులు ఎలా గడిచాయో అనిపించింది.

జూన్ 24

19న విచ్చిన 16 పువ్వుల్లో 11 కణుపులు ఆకుపచ్చగా, గట్టిగా ఉన్నాయి. నాలుగింటికి రేకుల అడుగున పెసరగింజంత పిందె కనిపిస్తోంది.

వచ్చే వేసవికి రెండు బ్యాగుల్లో పూసా సదాబహార్ పెట్టి చూడాలి. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ రకం. చలి రాత్రుల్లోనూ వేడి రాత్రుల్లోనూ పిందె నిలుపుతుందని దానికి పేరు. జనవరికి మాత్రం స్లాబు తెలుపు ఇబ్బంది పెడుతుందేమో చూడాలి. పగలు ఎండ తాగకపోతే రాత్రి సెగ ఎక్కడి నుంచి వస్తుంది? నల్ల రంగు వేసిన నీళ్ల డ్రమ్ములు రెండు లోపల పెట్టి, ఎండాకాలం రాగానే తీసేస్తే సరిపోవచ్చు.

రాత్రి తొమ్మిదిన్నర రీడింగ్ 24. రేపటి నుంచి నాలుగు రోజులు వాన తెరిపిస్తుందని, ఎండ కాస్తుందని చెబుతున్నారు. బియ్యపు గింజ కన్నా చిన్న మొగ్గలు 14 ఉన్నాయి, వాటికి నీలం దారం కట్టాను. జులై 3 నుంచి విచ్చుతాయి. 7న లెక్కపెట్టాలి.